వద్దు గడిలో గీతలు

“గెలిచిన లెక్కని నీ చేత్తో నువ్వే కొట్టేయించావు కదే అక్కా! పగవాళ్ళు కూడా చెయ్యరే ఇలాంటి పని!”

“మెల్లగా మాట్లాడవే, పైన రికార్డింగ్ జరుగుతోంది.”

“జరగనీ. వినపడితే ఇంకా మంచిది. వద్దు అన్నవాళ్ళు నూట నలభై మూడు మంది అని సోమవారం సాయంత్రం మీ రేడియోనే చెప్పిందా లేదా? మర్నాడు మా లాండ్రీలో అందరం చప్పట్లు కొట్టుకున్నామే. ఇవాళ చూస్తే ఆ లెక్క చెల్లదట. ఎవరన్నారయ్యా చెల్లదని అంటే, మా అక్కే!”

“వాళ్ళన్న వద్దు మన వద్దు కాదే, పిచ్చిమొహమా.”

“వద్దంటే వద్దే. వద్దులో మన వద్దు, వాళ్ళ వద్దు అని రెండుంటాయా?”

“ఉన్నాయి,” అంది అక్క. “అదే కదా నా ఖర్మ.”

మెట్ల మలుపులో టీ గ్లాసుతో నిలబడిపోయిన అనౌన్సర్‌కి పైకి వెళ్ళాలో కిందికి దిగాలో తెలియలేదు. దిగితే అక్కాచెల్లెళ్ళ మధ్యలో పడతాడు. ఎక్కితే నాలుగో మెట్టు కిర్రుమంటుంది. మనిషి వస్తున్నాడని ముందే చెప్పేసే మెట్టు అది. పోనీ తనకేం సంబంధం లేనట్టు వింటూ నిలబడదామా అంటే, వాళ్ళు తిట్టుకుంటున్న ఆ ‘వద్దు’ అతని నోట్లోంచి ఊడిపడిందే.

కింద ఉన్న ఇద్దరిలో పెద్దావిడ ఆ రేడియో స్టేషన్‌లో ఫోన్లెత్తే మనిషి. స్టేషన్ అంటే పెద్దదేం కాదు, ఊరి పొలిమేర దాటితే వినపడనిది. ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టర్‌లో ఉంది, మిగతా అందరికీ లైనక్క. రోజుకి రెండొందలసార్లు “లైన్లో ఉండండి” అంటుంది కాబట్టి లైనక్క. వచ్చిన ప్రతి ఫోనుకీ కాగితం మీద ఓ గీత గీస్తుంది కాబట్టి కూడా లైనక్కే. అంతకు ముందున్న ఆపరేటర్ కాన్పుకి సెలవు పెడితే మూడు నెలల కోసమని వచ్చింది. ఆ పుట్టిన పిల్లాడు ఇప్పుడు మీసాలు దువ్వుకుంటున్నాడు. లైనక్క మాత్రం పందొమ్మిదేళ్ళుగా తాత్కాలికమే. “నాకన్నా ఈ గోడ మీద పెచ్చు నయం, అది ఊడితే ఎవరో ఒకరు చూస్తారు,” అంటుంది నవ్వుతూ.

స్టూడియోకీ ఫోన్ల గదికీ మధ్య ఒక అద్దం. మైకు ముందు కూర్చుంటే అనౌన్సర్‌కి ఆవిడ ఎప్పుడూ పక్కనుంచే కనపడుతుంది. ఎడమ చెవి సరిగ్గా వినపడదు కాబట్టి రిసీవర్ ఎప్పుడూ కుడివైపే. తల ఆ భుజం మీదికి వాలిపోయి, ఇంటికెళ్ళేటప్పుడు కూడా ఎవరో చెప్పేది వింటున్నట్టే నడుస్తుంది. బల్ల మీద రెండు ఫోన్లు, ఒకటి నల్లది, ఒకటి మీగడ రంగుది. దారంతో బల్లకి కట్టిన పెన్సిల్. పాత ప్రోగ్రాం షెడ్యూళ్ళ వెనకవైపు మధ్యలో నిలువుగా గీత కొట్టి రెండు గడులు చేస్తుంది. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా, అది ఒక కట్ట. ఇన్నేళ్ళలో లేని గీత గీసిందనిగానీ, ఉన్న గీత మింగిందనిగానీ ఎవరూ అనలేదు. ఎవరూ అనలేదంటే ఎవరూ చూడలేదని కూడా అర్థం. ఆవిడ మాత్రం ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టే గీస్తుంది.

ఆవిడకి మనుషులు గొంతులుగానే తెలుసు. ‘గుక్కతిప్పుకోనాయన’, ‘నేనేనమ్మా’, ‘కుక్కర్ ఆవిడ’ అని పేర్లు పెట్టుకుంది. కుక్కర్ ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా వెనక విజిల్ వినపడాల్సిందే. ఇంకొకాయన ఉన్నాడు, రిటైరైన పెద్దమనిషి. ఒకే ప్రశ్నకి పదిసార్లు ఫోన్ చేస్తాడు, ప్రతిసారీ గొంతు మారుస్తాడు. ఒకసారి బొంగురుగా, ఒకసారి పల్లెటూరివాడిలా, ఒకసారి తెగించి ఆడగొంతుతో. గొంతు ఎన్ని మార్చినా ఆయన నెత్తిమీద ఫ్యాను మారదు కదా, అది అదే లయలో కిర్రు కిర్రుమంటుంది. అందుకని ఆయన ‘ఫ్యాను తాతయ్య’. పదిసార్లు చేస్తే పది గీతలూ గియ్యాలా అని ఒకప్పుడు ప్రొడ్యూసర్‌ని అడిగింది. “గియ్యండమ్మా. అది ఉత్సాహం. ప్రజల ఉత్సాహానికి మనం అడ్డుపడకూడదు,” అన్నాడాయన. ఏ మాటలోనైనా ‘ప్రజలు’ రాకపోతే ఆయనకి వాక్యం పూర్తికాదు. వెనకాల అందరూ ప్రజలసారు అంటారు.

ఆ వారం ప్రశ్న బస్సు గురించి. పొద్దున నాలుగు నలభైకి మొదటి బస్సు కొత్త కాలనీ మేడల కిందనుంచే బయల్దేరుతుంది. డ్రైవర్ పావుగంట ముందే ఇంజిన్ వేసి వేడెక్కనిస్తాడు, కండక్టర్ బస్సు రేకు మీద చేత్తో బాదుతాడు, మలుపులో రెండు హారన్లు. కాలనీవాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. బస్సుల ఆఫీసువాళ్ళు తెలివిగా, జనం ఏమంటారో రేడియోలో కనుక్కోండి, దాన్ని బట్టి చూస్తాం అన్నారు. ప్రజలసారు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజూ పదకొండు నుంచి పన్నెండు. ప్రశ్న రాసే పని అనౌన్సర్‌ది. “మొదటి బస్సు ఆపాలా, వద్దా? మీ మాట మాకు చెప్పండి!” అని రాసుకుని, నోటికి బాగా తిరుగుతోందని అద్దం ముందు మూడుసార్లు అనుకుని మురిసిపోయాడు. లైనక్క కాగితం మీద గడులు కూడా అవే: ఆపాలి, వద్దు.

సోమవారం ఫోన్లు ముసురుకున్నాయి. ఆపాలి యాభై ఎనిమిది, వద్దు నూట నలభై మూడు. సాయంత్రం ఆరింటి వార్తల్లో అనౌన్సరే చదివాడు. లైనక్క చెల్లెలు ఆ బస్సులోనే పెద్దాసుపత్రి లాండ్రీకి వెళ్తుంది. చెల్లెలు, చెల్లెలి ఎనిమిదేళ్ళ కూతురు, లైనక్క, ముగ్గురూ రెండు గదుల ఇంట్లో ఉంటారు. చెల్లెలి మొగుడు లారీ మీద తిరుగుతూ రెండు నెలలకోసారి ముఖం చూపిస్తాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెల్లెలు గంతులేస్తుంటే లైనక్క మర్నాటి టిఫిన్ డబ్బా కడుగుతూ కూర్చుంది. చేతిలో డబ్బా ఉందిగానీ చెవిలో పొద్దున్నటి గొంతులున్నాయి. “వద్దు తల్లీ, ప్రాణాలు తోడేస్తోంది.” “వద్దండీ వద్దు, మా మామగారికి గుండెజబ్బు.” “వద్దంటే వద్దు, అది బస్సా, భూకంపమా?” అన్నీ వద్దులే. అన్నీ ‘వద్దు’ గడిలోకే వెళ్ళాయి. కానీ వాళ్ళు వద్దన్నది బస్సుని. ఆవిడ రాసుకున్నది ఆపడం వద్దని.

మంగళవారం ప్రజలసారు కుర్చీలో కూర్చోకముందే ఆయన గదిలో నిలబడింది.

“సార్, నిన్నటి లెక్క తప్పు.”

“ఎంత తప్పమ్మా?”

“ఎంతో తెలీదు సార్. తెలీకపోవడమే తప్పు.”

సోమవారం లెక్క కొట్టేశారు. ఆ రోజు నుంచి లైనక్క ప్రతి ‘వద్దు’నీ ఆపి, “ఏది వద్దండీ, బస్సా, ఆపడమా?” అని అడగడం మొదలుపెట్టింది. మంగళవారం వద్దు గడిలో మిగిలినవి తొమ్మిది గీతలు. ఆపాలి గడిలో చోటు చాలక రెండో కాగితం తీసింది.

అదిగో, అందుకే బుధవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి చెల్లెలు తిన్నగా స్టేషన్‌కి వచ్చింది. మెట్ల కింద నిలబెట్టి అక్కని కడిగేస్తోంది.

“ఐదున్నరకి గేటు దగ్గర సంతకం. పావుగంట దాటితే ఆ రోజు రానట్టే. నెల్లో మూడుసార్లు అలా అయితే నా చోట్లో ఇంకో మనిషి. తర్వాతి బస్సు ఆరు పదికి. నడుద్దామంటే గంటంపావు, చీకట్లో. ఇదంతా నీకు తెలీదా?”

“తెలుసే.”

“తెలిస్తే మరి నా గీత గియ్యి.”

“ఫోన్ చెయ్యి, గీస్తా.”

“పదకొండింటికి నా ఫోను లాకర్లో ఉంటుంది, నా చేతులు సబ్బునీళ్ళలో ఉంటాయి. రోజూ నాకు డబ్బా సర్ది బస్సుకి తరిమేది నువ్వే కదే! నేనా బస్సు ఎక్కుతానో లేదో రేడియోకి ఫోన్ చేసి చెబితేగానీ నీకు తెలీదా?”

“తెలిసినవాళ్ళవి గియ్యనే. వినపడ్డవాళ్ళవే గీస్తా. తెలిసినవాళ్ళవి గియ్యడం మొదలెడితే ఇంక నాకెందుకు ఫోను?”

చెల్లెలు సంచీ భుజానికి తగిలించుకుంది. తర్వాత, “నువ్వు గొప్పదానివే అక్కా. నీ కాగితం మాసిపోదు. మాసిన దుప్పట్లు ఉతికేదాన్ని, నాకేం తెలుస్తుంది,” అని వెళ్ళిపోయింది. లైనక్క పైకి ఎక్కి వస్తుంటే అనౌన్సర్ గోడకి అతుక్కున్నాడు.

“విన్నావా తమ్ముడూ?”

“లేదక్కా. ఇప్పుడే వచ్చాను.”

“టీ మీద మీగడ కట్టింది,” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళకుండా ఫోన్ల గదిలోనే కూర్చుని ఏదో లెక్క వేసుకుంటోంది. అనౌన్సర్ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. ప్రశ్న అలా రాసినందుకు తప్పయిపోయిందక్కా అన్నాడు. ఆవిడ చెయ్యి ఊపేసింది.

“నీ ప్రశ్న సంగతి తేలిపోయింది. ఇప్పుడు అందరూ సరిగ్గానే చెబుతున్నారు, నేను సరిగ్గానే గీస్తున్నాను. అయినా లెక్క తప్పుతోంది. ఎక్కడ తప్పుతోందో చెప్పు చూద్దాం.”

అతను తల గోక్కున్నాడు.

“ఆ బస్సులో రోజూ నలభై యాభై మంది ఉంటారు. నిలబడటానికి చోటుండదట. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. ఎలా చేస్తారు? మన ప్రోగ్రాం వచ్చేసరికి ఒకళ్ళ చేతిలో చీపురుంటుంది, ఒకళ్ళ చేతిలో మూకుడు, ఒకళ్ళు గేటు దగ్గర సలాం కొడుతుంటారు. పదకొండింటికి ఊళ్ళో ఖాళీగా కూర్చుని, పక్కన ఫోను పెట్టుకుని, దేనిమీదో ఒకదానిమీద మండిపడుతున్నవాళ్ళెవరో వాళ్ళే మనకి జనం. బస్సు బాగానే ఉందనుకున్నవాడు ఫోన్ ఎందుకు చేస్తాడు? బాగానే ఉంది కదా!”

“అయితే సారుకి చెప్పండి.”

“ఊరికే చెబితే ఆయన వినడు. లెక్క చూపించాలి,” అంది. ఆవిడకి తెలిసిన ఆయుధం అదొక్కటే.

గురువారం ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ ఇంకో మాట కూడా అడిగింది: “మీరు ఆ బస్సు ఎక్కుతారా?” ఎక్కుతామన్నవాళ్ళకి కాగితం అంచున ఒక చుక్క.

అద్దం ఇవతలనుంచి అనౌన్సర్ ఆ రోజంతా ఆ పెన్సిల్‌నే చూశాడు. అంచుకి వెళ్ళదేం అది? ఫ్యాను తాతయ్య ఆరుసార్లు చేశాడు. నాలుగోసారి ఆడగొంతుతో ఉండగా బస్సెక్కుతారా అని అడిగేసరికి, “నేనా! నాకు కారుందమ్మా!” అని సొంత గొంతులో అరిచి పెట్టేశాడు. కుక్కర్ ఆవిడ, “చీకట్లో నాకేం పనమ్మా బస్సుతో?” అంది. ఒకావిడ మాత్రం ఏడ్చినంత పని చేసింది. నెలల పిల్లట, తెల్లవార్లూ ఏడ్చి నాలుగింటికి కళ్ళు మూస్తుందట, నాలుగున్నర కాకముందే ఇంజిన్. “నేను మనిషిలా లేనండీ. ఆపించండి, మీ కాళ్ళు పట్టుకుంటాను,” అంది. ఆమెకి కూడా లైనక్క నిండుగా ఒక గీత గీసింది. ఆ గీత కూడా నిజమే కదా.

పన్నెండయ్యేసరికి నూట యాభై రెండు ఫోన్లు, రెండు చుక్కలు. ఒక చుక్క ఆ బస్సు కండక్టర్ భార్యది. ఆవిడ కూడా ఆపెయ్యమనే చెప్పింది, మొగుడు కాస్త ఆలస్యంగా లేస్తాడని ఆశ. రెండో చుక్క ఒకాయనది, ఎప్పుడో పొరపాటున ఆ బస్సెక్కి ఇంకో ఊరు తేలాడట.

ఆ కాగితం పట్టుకుని లైనక్క ప్రజలసారు గదికి వెళ్ళింది. అనౌన్సర్ కూడా వెనకే వెళ్ళాడు, ఏదో ఫైలు కావాలన్న వంకతో.

“సార్, ఇది చూడండి. ఫోన్ చేసిన నూట యాభై రెండు మందిలో ఆ బస్సెక్కేవాళ్ళు ఇద్దరే సార్.”

ప్రజలసారు కాగితం తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

“ఇద్దరేనా! అంటే ఖాళీ బస్సన్నమాట! ఇద్దరి కోసం ఊరందరి నిద్రా పాడు చేస్తున్నారన్నమాట!”

“అది కాదు సార్. ఎక్కేవాళ్ళు ఫోన్ చెయ్యడం లేదు సార్...”

“ఎక్కేవాళ్ళుంటే చేస్తారు కదమ్మా. నంబరు అందరికీ ఒకటే. మనం ఎవరినైనా చెయ్యొద్దన్నామా?”

“అనలేదు సార్. కానీ వాళ్ళు పనిలో ఉంటారు. మీరు ఒక్క రోజు ఆ బస్సు దగ్గరికి వెళ్ళి...”

“నాలుగు నలభైకా!” ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వులో చెడ్డతనమేం లేదు, అదే వచ్చిన చిక్కు. “లైనమ్మా, మీరు అద్భుతమైన పని చేశారు. అడగమని చెప్పకపోయినా అడిగారు. ఏమయ్యా అనౌన్సర్, సాయంత్రం వార్తల్లో ఇది పెట్టు. ‘ఫోన్ చేసిన నూట యాభై రెండు మందిలో ఆ బస్సు ఎక్కేది ఇద్దరే.’ ప్రజలకి తెలియాలి.”

బయటికొచ్చాక లైనక్క గోడకి ఆనుకుని నిలబడింది. ఖాళీ చేతులకేసి చూసుకుంది, కాగితం లోపలే ఉండిపోయింది. “సోమవారం తప్పు చెబితే మావాళ్ళు గెలిచారు. మంగళవారం దిద్దితే ఓడారు. ఇవాళ ఇంకాస్త నిజం చెప్పాను, మొత్తానికే లేకుండా పోయారు. నేనింక నోరు తెరవను తమ్ముడూ,” అంది.

సాయంత్రం ఆరింటికి అనౌన్సర్ ఆ వాక్యం చదివాడు. చదివేముందు కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు, వెనకాల ఇంకేమైనా రాసి ఉంటుందేమోనన్నట్టు. ఏం లేదు. అందులో ఒక్క అక్షరం అబద్ధం కూడా లేదు. చదవడమే తన పని అని తర్వాత తనకి తాను చెప్పుకున్నాడుగానీ, ఆ మాట తనకే అతకలేదు.

శుక్రవారం ఆఖరి రోజు. లాండ్రీలో చెల్లెలు తన ప్రయత్నం తను చేసింది. సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి, పన్నెండు కావడానికి పావుగంట ముందు ఆఫీసు గదిలో ఫోను వాడుకోనివ్వడానికి ఒప్పించింది. పధ్నాలుగు మంది ఆడవాళ్ళు చేతులు ఏప్రాన్‌లకి తుడుచుకుని వరసలో నిలబడ్డారట. మొదట ఎవరు మాట్లాడాలి, ఏమనాలి అని ముందే నేర్పిందట చెల్లెలు: “వద్దు అనకండి. ‘బస్సు కావాలి’ అనండి. మా అక్కకి వద్దు అంటే పడదు.” నంబరు కొడితే ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. మళ్ళీ.

ఇవతల రెండు ఫోన్లూ ఒకదాని మీద ఒకటి మోగుతూనే ఉన్నాయి. ఆఖరి రోజని ఫ్యాను తాతయ్య విజృంభించాడు, పదకొండుసార్లు. లైనక్క ఒక గీత గీసి రిసీవర్ పెట్టేలోపే రెండోది మోగుతోంది. అద్దంలోంచి ఆవిడ మధ్యమధ్యలో గోడ గడియారం వైపు చూడటం అనౌన్సర్ గమనించాడు. చెల్లెలి సంగతి ఆవిడ అతనికి పొద్దునే చెప్పింది. చెప్పి, “చేస్తారేమోలే,” అని మాత్రం అంది.

పన్నెండయింది. ముగింపు సంగీతం మీటమీద అనౌన్సర్ వేలు ఉంది. ఒక నిమిషం ఆపితే? ఒక ముచ్చటేదో చెప్పి రెండు నిమిషాలు సాగదీస్తే? రోజూ సాగదీసేవాడే, పనికిరాని ముచ్చట్లకి. ఆ రోజు ముచ్చటేదీ నోటికి రాలేదు. అలవాటైన వేలు అలవాటుగా కిందికి దిగింది. సంగీతం మొదలైంది.

సంగీతం సగంలో ఉండగా మీగడ రంగు ఫోను మోగింది. లైనక్క ఎత్తింది. అద్దం ఇవతలకి మాటలు వినపడవు, పెదాలు కనపడతాయి. తల ఇంకా ఇంకా భుజం మీదికి వాలింది. పెన్సిల్ కాగితం మీద ఆనింది, కానీ కదల్లేదు. ఒకసారి అద్దంలోంచి అతనికేసి చూసింది, అనుమతి అడుగుతున్నట్టు కాదు, సాక్షిని చూస్తున్నట్టు. తర్వాత పందొమ్మిదేళ్ళుగా అంటున్న మాటే అంది. ఆ మాట పెదాల మీద అతనికి కంఠతా వచ్చు.

“సమయం అయిపోయిందండీ.”

సొంత చెల్లెల్ని అండీ అంది.

సంగీతం అయ్యాక అతను పరిగెత్తినట్టే ఆ గదిలోకి వెళ్ళాడు. “అక్కా, పధ్నాలుగు గీతలు. గీసెయ్యండి. ఎవరు చూస్తారు? నేను చూడలేదు, ఒట్టు.”

లైనక్క కట్టలు లెక్కపెడుతోంది. తలెత్తలేదు. “ఆపాలి ఆరొందల పదకొండు. ఆపొద్దు ఇరవై తొమ్మిది. పధ్నాలుగు కలిపితే నలభై మూడు. దొంగతనం చేసినా చాలదు తమ్ముడూ. ఊరికే దొంగనవుతాను.”

బస్సుల ఆఫీసు నుంచి వారం తిరక్కుండానే జవాబొచ్చింది. శ్రోతల అభిప్రాయాన్ని గౌరవిస్తూ ఒకటో తారీఖు నుంచి మొదటి బస్సు ఆరు పదికి. ప్రజలసారు ఆ ఉత్తరాన్ని అద్దం కట్టించి తన గదిలో తగిలించాడు. కొత్త కాలనీ నుంచి నెలల పిల్ల తల్లి ఫోన్ చేసి, పాప ఆరింటిదాకా నిద్రపోయిందని చెప్పి థాంక్స్ అంది. లైనక్క, “సంతోషమమ్మా,” అంది. నిజంగానే అంది. ఆ ఫోనుకి గడి ఏదీ లేదు కాబట్టి ఎక్కడా గీయలేదు.

ఎక్కేవాళ్ళ నుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఒకటో తారీఖు నుంచి రెండు రోజులు చెల్లెలు చీకట్లో నడిచింది, పరిగెత్తింది అనాలి. రెండో రోజు గేటు దగ్గరికి ఐదు నలభై ఏడుకి చేరిందట. రెండు నిమిషాలు. రిజిస్టర్ మూసేశారు. మూడింట్లో ఒకటి పోయింది. ఇంటికొచ్చి అక్కని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది, అని లైనక్క అనౌన్సర్‌తో అంది. అంటున్నది ఆ మెట్ల మలుపులోనే, అదే చోట. ఆవిడే అతని కోసం ఆగినట్టుంది. చేతిలో టిఫిన్ డబ్బా, తల ఎప్పట్లాగే ఓ పక్కకి వాలి ఉంది. కింద గేటు పక్కన నిలబెట్టిన అతని మోటార్ సైకిల్‌కేసి చూస్తోంది.

“నువ్వు ఎనిమిదింటికి ముందు లేవవని తెలుసు తమ్ముడూ. మైకులో నువ్వే చెప్పుకుంటావుగా, జోకులేస్తూ.”

“అది ఊరికే అంటానక్కా.”

“నలభై మందిని ఎక్కించుకోమనడంలేదు. నీ బండికి వెనక ఉన్నది ఒక్క సీటే, అది నాకూ కనపడుతోంది. ఈ నెల వరకే, ఆ ఇంకో రెండు రోజులూ పోకుండా. తర్వాత ఏదో ఒకటి చూసుకుంటాం.” ఆవిడ డబ్బాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “రేపు నాలుగు నలభైకి మా వీధి చివరికి వచ్చి, మా చెల్లెల్ని ఆసుపత్రి గేటు దగ్గర దింపుతావా? కుదరదంటే వద్దని చెప్పెయ్యి. ఏది వద్దో నేను అడగనులే.”